కథ మీది, హక్కూ మీదే
మొదటి పుస్తకం రాస్తున్నవారికి పనికొచ్చే పుస్తకాలు, చోట్లు, చట్టాలు

ఎండపల్లి భారతి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె వైపు ఒక చిన్న పల్లె ఆమెది. ఆ జిల్లా పల్లెటూరి మహిళలే వార్తలు సేకరించి, రాసి, నడిపిన ‘నవోదయం’ పత్రికలో విలేకరిగా చేరాక ఆమెకు రాయడం అలవాటైంది. తర్వాత తన పల్లె మనుషుల్ని, వాళ్ల కష్టాన్ని, ఎగతాళిని, పంతాన్ని తన మాటలోనే కథలుగా రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాటిని ‘ఎదారి బతుకులు’ పేరుతో పుస్తకంగా తెచ్చింది. ఇవాళ తెలుగు కథ గురించి మాట్లాడేవాళ్లు ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి మాట్లాడలేరు.

‘రాయాలని ఉందండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని అడిగేవారికి నేను ముందుగా ఈ పుస్తకం పేరే చెబుతాను. భారతి గారికి పెద్ద చదువు లేదు, నగరంలో పరిచయాలు లేవు. క్రమం తప్పకుండా రాయడానికి ఒక చోటు దొరికింది. ఆమె యాసను యాసగానే అచ్చువేసిన ప్రచురణకర్తలు దొరికారు. కొత్తగా రాసేవారికి కావలసిన వసతులు తెలుగులో లేవని చాలామంది అనుకుంటారు. ఉన్నాయి. కానీ శ్రీకాకుళంలో ఒకటి, వేటపాలెంలో ఒకటి, పాత పుస్తకాల కొట్లో ఒకటి, ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయంలో ఒకటి అన్నట్టు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎవరో ఒకరు చెప్పేదాకా వాటి సంగతి తెలియదు. ఈ వారం ఆ పని చేద్దామనే ఈ కథనం.

కథ కట్టడం ఎక్కడ నేర్చుకోవాలి?

ఇంగ్లీషులో కథారచన మీద వందల పుస్తకాలున్నాయి, తెలుగులో ఏమున్నాయి అని అడుగుతుంటారు. మదనపల్లెలో ఉండి రాసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ ఉంది. 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న పుస్తకం. కథకు వస్తువు ఎలా కుదురుతుంది, ఎవరి కంటితో చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నల్ని ఆయన మనకు తెలిసిన కథలతోనే వివరిస్తారు. నవల రాసేవారికి ఆయనదే ‘నవలాశిల్పం’ ఉంది. కారా మాస్టారు కాళీపట్నం రామారావు ‘కథాకథనం’ ఇంకో దారి. ‘యజ్ఞం’ రాసిన మనిషి కొత్తగా రాసేవారిని కూర్చోబెట్టుకుని చెప్పినట్టుంటుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘కథలు ఇలా కూడా రాస్తారు’ ఈ తరానికి దగ్గరగా ఉండే పుస్తకం.

ఈ నాలుగూ కొనండి, చదవండి. అయితే వాటిని చదివేసి కథ వచ్చేసిందనుకోకండి. అసలు చదువు మంచి కథల్ని విప్పి చూడటంలో ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఆ కథ ఎలా నడిచిందో గమనించేవాళ్లు తక్కువ. తన సూత్రాలంటే, తన క్రమశిక్షణంటే గట్టి నమ్మకమున్న ఒక ప్లీడరు, రావుగారు. రైల్లో ఆయనకు ఎదురైన ఒక బిచ్చగత్తె. ఊరు కాని ఊళ్లో, స్టేషన్లో తుపాను రాత్రి. కథ మొదటినుంచీ రావుగారిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆవిడను ఆయన చూసినంత మేరకే మనమూ చూస్తాం. ఆయన అసహ్యించుకుంటే మనకూ ఇబ్బందిగా ఉంటుంది, ఆయన లోపల ఏదో కదిలితే మనలోనూ కదులుతుంది.

ఇప్పుడు కాగితం తీసుకుని అదే రాత్రిని ఆవిడ వైపునుంచి ఒక పేజీ రాయండి. రావుగారి సూత్రాలు ఆవిడకు తెలియవు. ఆయన మనసులో నడిచేది ఏదీ మీకు అందుబాటులో ఉండదు. ఆవిడ ఆకలి, తడిసిన బట్టలు, ఎవరి జేబులో ఎంతుందో పసిగట్టే నేర్పు, ఇవే మీ సరుకు. దృష్టికోణం అన్న మాటకు అర్థం పది వ్యాసాలు చదివినా రానంత స్పష్టంగా ఆ ఒక్క పేజీతో తెలుస్తుంది. చాసో ‘వాయులీనం’ మీద కూడా ఇదే పని చేయవచ్చు. భార్య ప్రాణం దక్కించుకోవడానికి ఆమె వాయులీనాన్నే అమ్మిన భర్త కథ అది. చాసో ఎక్కడా దుఃఖాన్ని పేరుపెట్టి పిలవరు. ఆయన ఏయే వాక్యాలు రాయకుండా వదిలేశారో ఆలోచిస్తూ చదవండి. కొత్తగా రాసేవారి రాతప్రతుల్లో నాకు ఎక్కువగా కనిపించేది వదిలేయాల్సిన వాక్యాల బరువే.

ఈ కథలన్నీ ఎక్కడ దొరుకుతాయి? శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం ఉంది. తెలుగు కథ కోసమే పెట్టిన గ్రంథాలయం. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒక చోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. 2021లో ఆయన వెళ్లిపోయినా నిలయం పనిచేస్తూనే ఉంది, వేల కథల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. మీ తాతగారి కాలంలో ఏదో వారపత్రికలో వచ్చి మాయమైన కథను ఇవాళ ఫోన్లో చదవవచ్చు. పాత పత్రికల సంచికలు కావాలంటే ఉమ్మడి రాష్ట్రపు ప్రెస్ అకాడమీ చేయించిన డిజిటల్ భాండాగారం ఉంది. నేరుగా వెళ్లి కూర్చుని చదవదలచుకుంటే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉన్నాయి.

ఇప్పటి కథ ఎలా ఉందో తెలియాలంటే వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో కథాసాహితి 1990 నుంచి తెస్తున్న ‘కథ’ వార్షిక సంకలనాలు వరుసగా చదవాలి. ఒక్కో సంకలనం ఆ ఏడాది తెలుగు సమాజం దేని గురించి కలత పడిందో చూపిస్తుంది. తోటివారితో కలిసి కూర్చుని నేర్చుకోవాలనుకునేవారికి ఖదీర్‌బాబు, ఆయన మిత్రులు నిర్వహించే ‘రైటర్స్ మీట్’ లాంటి శిబిరాలున్నాయి. ఇలాంటివి జిల్లా జిల్లాకీ ఉండాలి. లేనిచోట నలుగురు కలిసి నెలకో ఆదివారం కూర్చున్నా చాలు. ఒకరు చదవాలి, మిగిలినవారు మొహమాటం లేకుండా చెప్పాలి.

యాసను దిద్దుకోకండి

కొత్తవాళ్లు మొదటి కథ రాయగానే చేసే పని, తమ ఇంట్లో మాట్లాడే మాటను చెరిపేసి పత్రికల్లో కనిపించే మాటను పెట్టుకోవడం. అలా చేయమని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. అచ్చులో తమ మాట ఎప్పుడూ కనిపించకపోవడమే ఆ పాఠం నేర్పింది.

ఇది మారడానికి పెద్ద పోరాటాలే జరిగాయి. 1993లో స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవిత్వం ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లిం కవిత్వం ‘జల్‌జలా’ వచ్చాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనలు ‘నల్లపొద్దు’గా వచ్చాయి. స్కైబాబ ముస్లిం కథల్ని ‘వతన్’గా తెచ్చారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాటను, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’తో కావలి ముస్లిం ఇళ్ల మాటను, అల్లం రాజయ్య, పెద్దింటి అశోక్‌కుమార్ లాంటివారు తెలంగాణ పల్లె మాటను కథకు సొంతం చేశారు. ఈ పుస్తకాలు కొత్తగా రాసేవారికి సాహిత్య చరిత్రకన్నా ఎక్కువ. ‘మా ఇంటి సంగతి కూడా కథేనా?’ అన్న సందేహానికి ఇవి జవాబు.

కేంద్ర సాహిత్య అకాడెమీ 2011 నుంచి 35 ఏళ్ల లోపు రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. తెలుగులో అది అందుకున్నవారి పేర్లు చూడండి. వేంపల్లి షరీఫ్ ‘జుమ్మా’కు 2012లో, పసునూరి రవీందర్ ‘అవుటాఫ్ కవరేజ్ ఏరియా’కు 2015లో, మానస ఎండ్లూరి ‘మిళింద’కు 2020లో వచ్చింది. 2024లో బంజారా జీవితాన్ని రాసిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ ఎంపికైంది. కడప ముస్లిం కుటుంబం, నగరంలో దళిత యువకుడి బతుకు, దళిత క్రైస్తవ ఇళ్లు, తండా. గత పదిహేనేళ్లలో తెలుగు కథకు కొత్త బలం ఎటునుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

మాట విషయంలో సాయం కావాలంటే నిఘంటువులున్నాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు సహా ఎన్నో కోశాలను ఒకేసారి వెతకవచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశాలు మరీ విలువైనవి. వ్యవసాయ పదాలు 1962లో, చేనేత పదాలు 1971లో వచ్చాయి. ఏ జిల్లాలో ఏ పనిముట్టును ఏమంటారో ఊరూరా తిరిగి సేకరించిన పని. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం కూడా చేతిలో ఉంచుకోదగ్గది. మగ్గం గురించి రాసే కథలో మగ్గం భాగాల పేర్లు తప్పుగా ఉంటే నేతపని తెలిసిన పాఠకుడు రెండో పేజీ తిప్పడు.

తమది కాని జీవితం గురించి రాసేవారికి ఒక మాట. రాయకూడదని ఎవరూ అనలేరు. కానీ తండా గురించి రాస్తే తండాలో పుట్టినవారికి, ట్రాన్స్‌జెండర్ పాత్ర గురించి రాస్తే ఆ జీవితం జీవిస్తున్నవారికి రాతప్రతి ఇచ్చి చదివించండి. వాళ్లు తప్పు చెబితే వాదించకుండా రాసుకోండి. వాళ్లు వెచ్చించిన సమయానికి డబ్బివ్వండి, ముందుమాటలో పేరు చెప్పండి. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో ఇది పద్ధతిగా స్థిరపడుతోంది. మన దగ్గర అది మర్యాదగానైనా మొదలవ్వాలి.

పత్రికకు పంపేముందు

దినపత్రికల ఆదివారం పుస్తకాలు కథలు వేస్తున్నాయి. ‘సాహిత్య ప్రస్థానం’, ‘పాలపిట్ట’, ‘అరుణతార’ లాంటి మాసపత్రికలున్నాయి. ‘విపుల’, ‘చతుర’ ఆగిపోవడం మాత్రం పెద్ద నష్టం. నెలకో నవల, నెలనెలా ఇతర భాషల కథలు అందించిన పత్రికలవి. వాటి స్థానం ఇంకా ఖాళీగానే ఉంది. ఇంటర్నెట్‌లో 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ ఉంది, ‘సారంగ’ ఉంది. ఉగాదికి, సంక్రాంతికి, దీపావళికి కథల పోటీలు వస్తాయి. ఉత్తర అమెరికా తెలుగువారి సంఘం ‘తానా’ నిర్వహించే నవలల పోటీ సంగతి చాలామందికి తెలుసు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఆ పోటీలో నెగ్గింది, 2021లో సినిమా కూడా అయింది. పిల్లల పుస్తకాలు రాసేవారు సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ ప్రకటనలు గమనిస్తూ ఉండాలి.

పోటీకి పంపే కథతో హామీపత్రం అడుగుతారు. సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురణ కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని రాసివ్వాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా ప్రచురితమైనదిగానే లెక్కించే పత్రికలు చాలా ఉన్నాయి. కథను యూనికోడ్‌లోనే టైపు చేయండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేయించిన ఫైలు మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపించే ప్రమాదముంది. పదేళ్ల తర్వాత మీ కథను మీరే చదవలేని పరిస్థితి వస్తుంది. మండలి, సూరన్న, గురజాడ, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు సిలికానాంధ్ర చొరవతో ఉచితంగా దొరుకుతున్నాయి.

30 ఏళ్ల లోపువారికి ఇంకో అవకాశం ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా కేంద్రం 2021లో మొదలుపెట్టిన పీఎం యువ పథకం. ఎంపికైతే పుస్తకం రాయడానికి పెద్దల మార్గదర్శనం, నెలకు 50,000 రూపాయల చొప్పున ఆరు నెలలు భృతి, తర్వాత ప్రచురణ. 22 భాషల్లో తెలుగూ ఉంది. విడతలవారీగా ప్రకటన వస్తుంది, విషయం కూడా వాళ్లే ఇస్తారు. మన జిల్లా కళాశాలల్లో ఈ సంగతి చెప్పే అధ్యాపకులు ఎంతమంది ఉన్నారో!

సంతకం పెట్టేముందు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

కథ కాగితం మీద పెట్టిన క్షణం నుంచి దాని కాపీరైటు మీదే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే 500 రూపాయల రుసుముతో కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చు, వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. దాన్ని ఎవరికైనా ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతోనే ఇవ్వాలి. నోటిమాటతో హక్కు బదిలీ కాదు.

చట్టంలోని 19వ సెక్షన్ ప్రతి రచయితా చదవాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీ అన్నవి ఒప్పందంలో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుని ఉండకపోతే, ఆ బదిలీ రద్దవుతుంది. 57వ సెక్షన్ ఇంకా బలమైనది. హక్కులన్నీ అమ్ముకున్నా, రచయితగా మీ పేరు మీద, మీ పరువుకు భంగం కలిగేలా రచనను వక్రీకరించకుండా అడ్డుకోవడం మీద హక్కు మీకే ఉంటుంది.

ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ ఇవన్నీ వేర్వేరు హక్కులు. ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అన్న ఒక్క వాక్యంలో అవన్నీ పోతాయి. అచ్చు పుస్తకం వేసేవారికి అచ్చు హక్కు చాలు. రాయల్టీ ఎంత శాతం అన్నది అడగడంతో సరిపెట్టుకోకండి. ఆ శాతం పుస్తకం వెల మీదా, లేక దుకాణం కమిషన్ పోగా మిగిలిన సొమ్ము మీదా అన్నది అడగండి. కమిషన్‌కే పెద్ద వాటా పోతుంది కాబట్టి రెండు లెక్కలకూ తేడా చాలా ఉంటుంది. కథలు చదివించే, వినిపించే యాప్‌లకు ఇచ్చేటప్పుడూ ఇంతే. షరతుల్లో ‘శాశ్వతంగా’, ‘ఇతరులకు ఇవ్వకుండా’ అన్న మాటలున్నాయేమో వెతకండి.

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తెలుగులో చిన్నతనం ఏమీ కాదు. మన కవిత్వంలో చాలా భాగం అలాగే పాఠకుడికి చేరింది. నా అభ్యంతరం ఒకటే. మీ డబ్బుతో అచ్చువేసి, హక్కులు కూడా తమ దగ్గరే ఉంచుకునే ప్యాకేజీలు ఒప్పుకోవద్దు. డబ్బు పెట్టింది మీరైతే ప్రచురణకర్త మీరే. ఐఎస్‌బీఎన్ కోసం వేలు అడిగేవారుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆ నంబరును ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలకు కూడా. 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాల్సిన బాధ్యత ప్రచురణకర్తది. సొంతంగా వేసుకుంటే అది మీదే.

ప్రెస్సుకు వెళ్లేముందు లెక్క తెలుసుకోండి. పుస్తకం 16 పేజీల ఫారాల్లో అచ్చవుతుంది కనుక 160 పేజీలైతే పది ఫారాలు. 163 పేజీలైతే మూడు పేజీల కోసం ఇంకో ఫారం పడుతుంది. అంతకంటే ఆ మూడు పేజీలు తగ్గించుకోవడం మేలు. డిజిటల్ అచ్చు వచ్చాక వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకునే అవసరం లేదు, వంద వేసి అమ్ముడయ్యాక మళ్లీ వేసుకోవచ్చు. ఖర్చు తగ్గించాలనిపిస్తే అట్టమీద తగ్గించండి, ప్రూఫులు దిద్దేవారి దగ్గర తగ్గించకండి. అచ్చుతప్పులున్న పుస్తకాన్ని ఎంత మంచి అట్టా కాపాడదు.

పేరున్న సంస్థలకు పంపాలనుకుంటే ముందు వాళ్లు వేసిన పుస్తకాలు చదవండి. విశాలాంధ్ర, ఎమెస్కో, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి పాతవాటితోపాటు ఆన్వీక్షికి, ఛాయా, అనల్ప, పర్‌స్పెక్టివ్స్ లాంటివి కొత్త రచయితలను ధైర్యంగా వేస్తున్నాయి. ఎవరి అభిరుచి ఏమిటో తెలుసుకోవడానికి డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలను మించిన చోటు లేదు. స్టాల్ స్టాలూ తిరగండి, మాట్లాడండి, రాతప్రతి మాత్రం అక్కడ ఇవ్వకండి. ఆ హడావుడిలో ఎవరూ చదవలేరు.

చివరగా తెలుగు ప్రచురణకర్తలకు ఒక విన్నపం. రచయితకు ఇచ్చే ఒప్పందాన్ని తెలుగులో రాయించండి. తెలుగులో కథ రాసినవారు తమ హక్కుల కాగితాన్ని ఇంగ్లీషులో చదువుకోలేక సంతకం పెట్టే పరిస్థితి మీకూ గౌరవం కాదు. ఏడాదికొకసారి ఎన్ని ప్రతులు వేశారో, ఎన్ని అమ్ముడయ్యాయో ఒక కాగితం మీద లెక్క పంపండి. రాయల్టీ వంద రూపాయలే అయినా పంపండి.

రచయితలూ, ఆ లెక్క మొహమాటపడకుండా అడగండి.